తడికాళ్ల కదిరమ్మ

పొద్దున లేవగానే కదిరమ్మ అడిగే మాట ఒకటే.

"ఎవురు పాపా నువ్వు?"

"నీ కోడల్ని అత్తా. భద్రమ్మను."

"ఓ," అని తలూపేది. ఎక్కడో విన్న పేరే అన్నట్టు. భద్రమ్మ ఆమె పిడికెడు జుట్టుకు ఆముదం రాసి ముడి వేసేది. రాగి అంబలి గిన్నెలో పోసి చేతికిచ్చేది. కదిరమ్మ తాగి, కొంగుతో మూతి తుడుచుకుని గడప దాటేది. ఆమె వెనక వీధి బండల మీద తడి అడుగులు పడుతూ పోయేవి.

ధర్మవరం నుంచి బత్తలపల్లె పోయే దారిలో ఉంది ఆ ఊరు. మగ్గాల వీధిలో పన్నెండు గడపలు, అందరూ పట్టుచీరలు నేసేవాళ్లే. ఆ సీమ గాలిలో తడి ఉండదు. శివరాత్రి దాటిందంటే పట్టుపోగు మగ్గం మీదే ఎండి పుటుక్కున తెగుతుంది. తెగిన పోగల్లా ముడేసుకుంటూ కూర్చుంటే చీర ఎప్పటికి దిగాలి? అందుకని నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంతలో నీళ్లు చల్లి అడుగున చెమ్మ నిలుపుకుంటారు. తాగడానికే నీళ్లు లేని ఎండాకాలంలో గుంతకు నీళ్లెక్కణ్నుంచి తెస్తారు?

కదిరమ్మను పిలుచుకునేవాళ్లు.

ఆమె వచ్చి గుంతలోకి కాళ్లు దించి ఒక గడియ కూర్చుంటే మన్ను నల్లబడేది. పోగు మెత్తబడి, పడుగులో అటూ ఇటూ విసిరే నాడె చేపలా జారేది. ఆమె లేచి పక్కింటికి పోయేది. పోయే ముందు ఏ ఇంట్లోనైనా ఆమె చేతిలో ఏదో ఒకటి పెట్టేవాళ్లు. అరటిపండో, బొరుగులో, మజ్జిగో.

"ఏమప్పా శ్రీరంగప్పా, నిన్న మా ఇంటికి రావల్సిన అవ్వను నడిదారిలో పట్టుకుంటివంట?" అని పక్కింటి జైతూన్ బీ గోడ మీది నుంచి కేకేసేది.

"నేనేడ పట్టుకుంటిని? మా ఇంట్లో పాయసం వాసనకు ఆమే మళ్లుకునింది."

"పాయసం కాదు, నీ మగ్గం మీద పెండ్లిచీర ఉండాది. నీ సంగతి మాకు తెలీదా!"

ఎదురింటి శ్రీరంగప్ప నవ్వేవాడు. వీధికి పెద్ద ఆయనే.

కదిరమ్మ కాళ్లకు తడి పట్టింది ఆరేండ్ల కిందట. ఓటర్ల పేర్లు రాసుకునేవాళ్లు వచ్చి ఆమెను మొగుడి పేరు అడిగారు. చెప్పమని జైతూన్ బీకి సైగ చేసింది. అందులో వింతేముంది, మొగుడి పేరు ఆమె నోట ఏనాడూ పలికింది కాదు. జైతూన్ బీ చెప్పింది. "ఆయనెవరు?" అని అడిగింది కదిరమ్మ. ఆ పూటే గడపలో మొదటి తడి అడుగు కనిపించింది. తర్వాత బావి దారి మరిచింది. కొడుకు గంగాధరప్ప ముఖం మరిచింది. ఒక్కోటి మరిచేకొద్దీ తడి పెరిగింది. వాన రాకపోవడాన్ని ఒప్పుకున్నట్టే వీధి దాన్నీ ఒప్పుకుంది.

ఆమె మరవనిది ఒకటే ఒకటి.

గంగాధరప్ప పుట్టకముందు ఆమెకు సిద్దమ్మ అని ఒక కూతురు. కరువేట్లో ఆరేండ్ల బిడ్డకు వాంతిబేదులు పట్టుకున్నాయి. బిడ్డ నీళ్లు నీళ్లు అంటే ఇంట్లో చుక్క లేదు. కదిరమ్మ కడవ తీసుకుని రెండు కోసుల దూరం, వాగులో చెలమ దగ్గరికి పోయింది. రోజూ దీపం పెట్టే వేళకు ఆ మాట ఆమె నోటికి వచ్చేది.

"నేను నీళ్లకు పోతిని. వచ్చేతలికి బిడ్డ పాయ."

అప్పుడే జరిగినట్టు చెప్పేది. అప్పుడే జరిగినట్టు ఏడ్చేది. భద్రమ్మ ఆమె వీపు నిమురుతూ కూర్చునేది. రోజుకు ఒక్కసారి కన్నబిడ్డను పోగొట్టుకునే మనిషికి ఏం చెప్పాలో ఇన్నేండ్లలో భద్రమ్మకు తెలిసింది లేదు.

ఆ ఒక్క వేళ తప్పితే మిగతా పొద్దు గడిచిపోయేది. ఆ వీధిలో ఎవరూ ఒక మతి తప్పిన ముసలామెను కనిపెట్టుకుని ఉన్నామని అనుకోలేదు. ఆమె దారి తప్పితే తడి అడుగులు పట్టుకుని పోయి తోడుకొచ్చేవాళ్లు. ఈలోగా భద్రమ్మ తన మగ్గం మీద తన చీర నేసుకునేది.

డెబ్బై అయిదో సంవత్సరం ఎండలు ముదిరే వేళకు కలరా వచ్చింది. దేశాలన్నీ తిరిగి వచ్చిందని రేడియోలో చెప్పారు. పట్టునూలు తేవడానికి హిందూపురం పోయిన గంగాధరప్ప అక్కడే ఇరుక్కుపోయాడు. సూది వేయించుకున్న చీటీ ఉంటేనే బస్సు ఎక్కనిస్తారని, ఆ చీటీ కోసం జనం తిరనాళ్లలా నిలబడ్డారని ఎవరో వచ్చి చెప్పారు.

సూదులేసే దివాకర్ సైకిల్ మీద వచ్చి బావిలో తెల్లపొడి చల్లాడు. వీధి నడుమ నిలబడి గట్టిగా చెప్పాడు.

"రోగం నీళ్లలోనే ఉండాది. కాంచకుండా చుక్క తాగొద్దండి. ఒకరింటికొకరు పోవద్దండి."

ఆయన చెప్పింది బావి నీళ్ల సంగతి. విన్నవాళ్ల కళ్లు మాత్రం బండల మీద ఆరని అడుగుల మీదికి పోయాయి. వరసగా పదకొండు గడపలు తొక్కి, ఇంకా చెమ్మగా ఉన్నాయి అవి.

ఆ సాయంత్రం శ్రీరంగప్ప మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వీధికి అవతలే నిలబడ్డాడు.

"భద్రమ్మా, ఒక మాట."

"చెప్పు మామా."

"అవ్వను బయటికి పంపొద్దు."

"ఆమెకు జబ్బేం లేదు కదా మామా."

"జబ్బు లేదు. కాళ్ల కింద నీళ్లుండాయి కదా. సారు చెప్పింది నువ్వూ వింటివి."

"నిన్నటిదాకా ఆ కాళ్లే కావాలంటిరే!"

శ్రీరంగప్ప తల దించుకున్నాడు. "నిన్న వేరే పాపా. మా నాగప్పను పొద్దున కొట్టంలో పండబెట్టి వస్తి."

ఊరి బయట శెనక్కాయలు పోసుకునే కొట్టాన్ని ఖాళీ చేసి రోగుల్ని అక్కడ పెడుతున్నారు. నాగప్ప ఆయన తమ్ముడు.

"ఆమె గడప దాటితే ఆ కొట్టానికే తోలుకపోతామంటాండారు ఊరోళ్లు," అన్నాడు. "పేరడిగితే చెప్పడం రాదు ఆమెకు. దాహమని అడగడమైనా రాదు. ఆడ రెండ్రోజులు బతకదు. నిన్ను బెదిరిస్తాండానని అనుకోవద్దు. నాకు చాతనైంది ముందే చెప్పడమే."

భద్రమ్మ తలుపు మూసి గడియ పెట్టింది.

మరునాడు అంబలి తాగి కదిరమ్మ తలుపు దగ్గరికి పోయింది. తోసింది. రాలేదు.

"పొద్దెక్కింది. వాళ్ల గుంతలు ఎండిపోతాంటాయి."

"ఈ పొద్దు వద్దు అత్తా."

"యాల?"

"అందరూ తలుపులేసుకున్నారు."

"సచ్చిపోయినారా అందరూ?"

"లేదత్తా. బాగుండారు."

"మరి యాల పిలవరు నన్ను?"

మూడు రోజులు అదే తలుపు, అదే మాట. నాలుగో రోజు కదిరమ్మ గోళ్లు చిట్లి తలుపు చెక్కకు రక్తం అంటింది. గడప కింది నుంచి సన్నగా తడి బయటికి పోతుంటే ఎదురింట్లో ఎవరో అరిచారు. భద్రమ్మ నులకమంచం మగ్గం పక్కకు లాగి అత్తను దాని మీద కూర్చోబెట్టింది. పాత పంచె చింపి ఆ పాదాలు రెండూ చుట్టింది, నేల తగలకుండా. చీరపేలికతో చీలమండను మంచంకోడుకు కట్టింది. నేతగాళ్లు తెగిన పోగుకు వేసే ముడి అది, లాగేకొద్దీ బిగుస్తుంది. చిన్నప్పటి నుంచి వేసిన ముడి కాబట్టి చేతికి అదే వచ్చింది.

కట్టేటప్పుడు కదిరమ్మ కోడలి తల మీద చెయ్యి పెట్టింది. భద్రమ్మ ఆ చేతి కింద కాసేపు అలాగే వంగి ఉండిపోయింది.

పక్కింటి గోడ అవతల నుంచి జైతూన్ బీ రోజూ పలకరించేది.

"భద్రక్కా! తిన్నిందా అవ్వ?"

"రెండు ముద్దలు."

"అవ్వా! మా గుంత నీకోసం ఏడుస్తాండాది. హుస్సేన్ పీరాకు ఈ పొద్దు ఇరవై పోగులు తెగె. తిట్టుకుంటా కూచున్నాడు, మొగోడికి అంతకంటే ఏం చేతనైతాది?"

ఆ గొంతుకు మొదట్లో కదిరమ్మ తల తిప్పేది. తర్వాత తిప్పడం మానేసింది. రెండు ముద్దలు ఒకటైంది. మాటలు కూడా పోగుల్లాగే తెగిపోసాగాయి. ఒక పొద్దున భద్రమ్మ పంచెపేలికలు విప్పి చూస్తే పాదాలు ఎండిన చెరువులా పగిలి ఉన్నాయి. తడి లేదు. ఎండుమన్ను వాసన వేసింది.

ఆ పొద్దున కదిరమ్మ ఎవురు పాపా నువ్వు అని అడగలేదు.

ఆరేండ్లుగా ఆ ప్రశ్నకు విసుక్కున్న భద్రమ్మ ఎదురుగా కూర్చుని ఎదురుచూసింది. "నీ కోడల్ని అత్తా," అంది తనే. కదిరమ్మ గోడ వైపు చూస్తూ ఉండిపోయింది. రోజూ దీపం పెట్టే వేళకు సిద్దమ్మను మాత్రం తలుచుకునేది. ఇంట్లో మిగిలిన మాట అదొక్కటే.

తొమ్మిదో రోజుకు కట్టెలు అయిపోవచ్చాయి. మిగిలిన నాలుగు పుల్లలు ఒక చెంబుకు సరిపోతాయి. కాంచిన నీళ్లు అత్తకు పోసి, తను పచ్చినీళ్లు తాగింది. బావి అడుగంటి, బురద తేరిన నీళ్లు అవి. తెల్లపొడి కూడా అయిపోయి అప్పటికి మూడు రోజులు.

మరునాడు పొద్దున్నే వాంతిబేదులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి భద్రమ్మ కాళ్లు పిక్కలు పట్టి ముడుచుకుపోయాయి. పెరటి దాకా పోలేక మగ్గం పక్కనే పడిపోయింది. కడవలో చుక్క లేదు. నాలుక అట్టలా అంగిటికి అంటుకుంది. కేకేస్తే జైతూన్ బీకి వినిపిస్తుంది. వచ్చి ఇద్దర్నీ కొట్టానికి తీసుకుపోతారు, తనను ఒక మూలకు, అత్తను ఇంకో మూలకు. భద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంకాసేపటికి ఇంకో సంగతి తోచింది. తను పోతే ఈమె ఈ కట్టుతోనే కూర్చుని పోతుంది.

మంచం దాకా నాలుగు అడుగులు. నేల మీద ఈదినట్టు పోయింది. ముడి విప్పబోతే వేళ్లు ఆడలేదు. ఆ ముడి విప్పడానికి వేసేది కాదు కదా. పేలిక పళ్ల మధ్య పెట్టి, పోగు కొరికినట్టు కొరికింది. తెగింది. పాదాల చుట్టు గుడ్డ లాగేసింది. అంతే, అక్కడే ఒరిగిపోయింది.

"పో అత్తా," అంది. గొంతు రాలేదు. పెదాలే కదిలాయి. "పో, యాడికన్నా పో."

కదిరమ్మ కిందికి చూసింది. గుంటలు పడిన కళ్లు, ఎండిన పెదాలు. చాలాసేపు చూసింది. కదిరమ్మ ముఖంలో ఏదో మెల్లగా వదులైంది, ఎన్నో ఏళ్లుగా బిగుసుకున్న ముడి ఒకటి దానంతటదే జారినట్టు.

"సిద్దమ్మా," అని పిలిచింది.

పగిలిన పాదాలు నేల మీద పెట్టింది. తలుపు వైపు పోలేదు. మగ్గం దగ్గరికి పోయి, రోజూ పదకొండు ఇళ్లలో కూర్చున్నట్టే కూర్చుని, తన ఇంటి గుంతలోకి కాళ్లు దించింది.

మొదట చప్పుడు వినిపించింది భద్రమ్మకు. మన్ను గుటక వేస్తున్నట్టు. తర్వాత వాసన. తొలకరి మొదటి చినుకుల వాసన, నడి ఎండాకాలంలో, మూసిన ఇంట్లో. నీళ్లు గుంత అడుగున తళుక్కుమన్నాయి. కదిరమ్మ మడమలు దాటాయి. పిక్కలు దాటాయి. తొక్కుడు కర్రలు తేలాయి. పడుగు మీది ఎర్రపట్టు ఆ నీళ్లలో తలకిందులుగా కనిపించింది, రెండో చీర ఒకటి కింద నేస్తున్నట్టు. అన్ని నీళ్లు ఆ వీధిలో ఎవరూ ఎప్పుడూ చూసింది లేదు. కదిరమ్మ ఏం మరిచి ఉంటుందో, ఇన్ని నీళ్లకు సరిపడా ఆమె దగ్గర ఏం మిగిలిందో భద్రమ్మకు అప్పుడు తెలియలేదు.

కదిరమ్మ లేచింది. ఆరేండ్లుగా పొయ్యి వైపు పోని మనిషి, ఉప్పుజాడి ఏ గూట్లో ఉందో వెతుక్కోలేదు. నాలుగు ఉప్పురాళ్లు, బెల్లం ముక్క, గుంతలో ముంచిన చెంబు. ఉప్పూ బెల్లమూ చేత్తో కలిపి, నేల మీద కూర్చుని, కోడలి తల ఒళ్లోకి తీసుకుంది. దోసిట్లో పోసి, వేళ్ల సందున ఒక్కో చుక్కా నోట్లో విడిచింది.

"తాగు సిద్దమ్మా. తాగు తల్లీ."

భద్రమ్మ తాగింది. కక్కింది. మళ్లీ తాగింది.

"ఈసారి నేను నీళ్లకు యాడికీ పోలే," అంది కదిరమ్మ. "ఈడే ఉండాను చూడు. నీళ్లు ఇంట్లోనే ఉండాయి."

ఎన్ని చెంబులో ఎవరికి తెలుసు. పొద్దు గుంకి మళ్లీ పొద్దు పొడిచేదాకా ఆ చెయ్యి ఆగలేదు.

తెల్లారి జైతూన్ బీ లేచేసరికి ఆమె మగ్గం గుంతలో నీళ్లు నిలిచి ఉన్నాయి. తలుపు తీసింది. నీళ్లు కదిరమ్మ గడప కింది నుంచి వచ్చి, ముందు తన ఇంట్లోకి, ఆ తర్వాత శ్రీరంగప్ప ఇంట్లోకి, ఆ పక్కకు, ఆ ఎదురుకు, అవ్వ రోజూ తిరిగే వరసలోనే పోయాయి. ఒక్క ఇల్లు తప్పలేదు. మూసిన తలుపుల కింది నుంచి దూరి, పదకొండు గుంతలూ తడిపి, ఆ చివర ఆగాయి.

ఒక్కో తలుపూ తెరుచుకుంది. జైతూన్ బీ చెంగు బిగించి హుస్సేన్ పీరాను పిలిచింది. ఆయన గునపంతో గడియ ఊడదీశాడు. లోపల కదిరమ్మ గోడకు ఆనుకుని, ఒళ్లో కోడలి తలతో, కూర్చునే నిద్రపోతోంది. భద్రమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి.

"సచ్చిపోతాంటే ఒక్క కేక వెయ్యవా అక్కా!" అని జైతూన్ బీ తిట్టింది. "గోడకు ఇవతలే ఉండాను కదా! మూగదానివా?" తిడుతూనే ఏడ్చింది.

దివాకర్ వచ్చి నాడి పట్టుకున్నాడు. "ఎవరు ఎక్కించినారమ్మా సెలైను?" అని అడిగాడు. భద్రమ్మ అత్త చేతులు చూపించింది. ఆయన గుంతలోకి చూశాడు, కదిరమ్మ పాదాల వైపు చూశాడు. టోపీ తీసి పక్కన పెట్టి, ఒక దోసిలి తాగాడు.

శ్రీరంగప్ప అప్పటిదాకా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. భుజాన కడవ.

"పాపా, కొంచెం ముంచుకుంటా," అన్నాడు. "కొట్టంలోకి."

"ముంచుకో మామా."

ఆ పొద్దు ఆ గుంత నుంచి కొట్టానికి పోయిన కడవలకు లెక్క లేదు. అందరూ బతకలేదు. నాగప్ప బతికాడు.

ఆ సాయంత్రం భద్రమ్మ పడుకునే దీపం పెట్టమని జైతూన్ బీకి చెప్పింది. వెలుగు పడగానే ఊపిరి బిగబట్టి అత్త వైపు చూసింది. ఆ మాట కోసం. కదిరమ్మ దీపాన్ని చూసింది. ఆవులించింది. పడుకుని కోడలి మీద చెయ్యి వేసుకుని కళ్లు మూసుకుంది. మరునాడూ అంతే. ఆ పై రోజూ అంతే.

అప్పుడు అర్థమైంది భద్రమ్మకు, ఆ నీళ్లు దేన్ని మరిస్తే వచ్చాయో.

పది రోజులకు గంగాధరప్ప దిగాడు, చేతిలో సూది చీటీతో. చెప్పవలసింది చాలా ఉన్నా భద్రమ్మ ఒక్క ముక్కే చెప్పింది.

"సిద్దమ్మ పోయిన సంగతి మీ అమ్మ మరిచిపాయ."

ఆయన గడప మీద కూర్చుండిపోయాడు. పుట్టినప్పటి నుంచి ప్రతి సాయంత్రం ఆ ఏడుపు విన్న మనిషి. చాలాసేపటికి లేచి, అమ్మ దగ్గరికి పోయి కాళ్లు పట్టుకున్నాడు. "ఎవురప్పా నువ్వు, కాళ్లు వదులు, తడిసిపోతావు," అంది కదిరమ్మ.

మరునాడు పొద్దున భద్రమ్మ ఆముదం గిన్నె తెచ్చుకుని అత్త వెనక కూర్చుంది. బయట వీధిలో జైతూన్ బీ గొంతు అప్పుడే లేచింది. ఈ పొద్దు అవ్వ ముందు మా ఇంటికే, ఎవరన్నా నడిదారిలో పట్టుకుంటే చూస్కోండి అంటోంది.

కదిరమ్మ తల తిప్పి చూసింది.

"ఎవురు పాపా నువ్వు?"

నీ కోడల్ని అనే మాట అలవాటుగా నోటి చివరి దాకా వచ్చింది. భద్రమ్మ చెయ్యి ఆ జుట్టు మీదే ఆగింది.

"సిద్దమ్మను."

కదిరమ్మ కళ్లు చిట్లించి చూసింది. చెంపలు తడిమింది. పెదాలు తడిమింది, ఎండిపోయాయేమోనని.

"దాహమైతాందా?"

"లేదమ్మా. తీరింది."

"ఊ. అయితే నేను పోయొస్తా. వాళ్ల గుంతలు ఎండిపోతాంటాయి."

లేచి, గడప దాటి పోయింది. బండల మీద తడి అడుగులు ఒకటొకటే పడ్డాయి. భద్రమ్మ వాటిని చివరి దాకా చూసి, వచ్చి మగ్గంలో కూర్చుని, గుంతలోకి కాళ్లు దించింది. నీళ్లు చల్లగా ఉన్నాయి. నాడె విసిరింది. పోగు తెగలేదు.